ఏ ఉద్యమంల రిజిస్ట్రేషన్ జేయాలె అల్లుడా?

పోయిన ఎండాకాలం మా మేనమామ ఫోన్ జేసిండు. జడ్చర్ల అవుతల పల్లెటూరు ఆయనది. ఇన్నేండ్లు బుడ్డల బేరం జేసిండు (మీ దిక్కు పల్లికాయ అంటరేమో, పాలమూరోళ్లకు అవి బుడ్డలే), ఇప్పుడు కరెంటు మీద నడిచే కట్టె గానుగ ఒకటి పెడదామని లోన్ కోసం తిరుగుతున్నడు. "అల్లుడా, బ్యాంకోళ్లు ఉద్యమం సర్టిఫికెట్ తెమ్మంటున్నరు. నేను ఉద్యమంల తిరిగిన మాట నిజమే, సకల జనుల సమ్మెప్పుడు రోడ్డు మీద వంటా వార్పు గూడ జేసినం, గానీ దానికి సర్టిఫికెట్ ఎవలిస్తరు? ఏ ఉద్యమంల రిజిస్ట్రేషన్ జేయాలె?" అని అడిగిండు.

గా ఉద్యమం గాదు మామా, ఇది హిందీ ఉద్యమ్ అని చెప్పిన. చిన్న చిన్న దందాలు జేసుకునేటోళ్ల కోసం కేంద్రం 2020 జులై 1 నుంచి పెట్టిన రిజిస్ట్రేషన్ పేరే ఉద్యమ్, ఇంగ్లీషుల ఎంటర్‌ప్రైజ్ అంటరు గదా దానికి హిందీల ఆ మాట పెట్టుకున్నరు. అంతకు ముందు 2015 నుంచి ఇదే పనికి ఉద్యోగ్ ఆధార్ అని ఉండె. అప్పుడైతే ఇంకా తమాషా, ఉద్యోగం దొరకక జిరాక్స్ షాపు పెట్టుకున్న పొల్లగాండ్లు పోయి ఉద్యోగ ఆధార్ తెచ్చుకునుడు. హిందీల ఉద్యోగ్ అంటే మనం పరిశ్రమ అనేది. మరి హిందీల పరిశ్రమ్ అంటే ఏంది అంటే, కష్టపడుడు. ఆడ కష్టపడితే ఈడ ఫ్యాక్టరీ అయితది, ఆడ ఫ్యాక్టరీ పెడితే ఈడ నౌకరి అయితది, ఆడ కంపెనీ పెడితే ఈడ ధర్నా అయితది. మామకు ఇదంతా చెప్తే "గీ మాటలు ఎవడు పంచిండు రా" అన్నడు. ఆ ప్రశ్న నాకు నచ్చింది, అందుకే ఇదంతా రాస్తున్న.

నిజంగ ఎవడూ పంచలే. ఉద్యమం, ఉద్యోగం, పరిశ్రమ, వ్యవసాయం, ఈ నాలుగు మాటలకు సంస్కృతంల ఉన్న అసలు అర్థం సూస్తే సుమారుగ ఒక్కటే: నడుం గట్టి పనికి దిగుడు, కష్టపడుడు. దేంట్ల కష్టపడాలె అన్నది ఆ మాటల్ల లేదు. ఏ భాషోళ్లకు ఏ పని పెద్దగ కనవడితే ఆ పనికి ఆ మాట తగిలించుకున్నరు. వ్యవసాయం అనే మాటే సూడుండ్రి. సంస్కృతంల దానికి అర్థం గట్టి నిర్ణయం, పట్టుదల. గీత రెండో అధ్యాయంల "వ్యవసాయాత్మికా బుద్ధిః" అని వస్తది, మా ఊరి భజన కాడ ఒక పెద్దమనిషి దాన్ని "సూసిండ్రా, భగవంతుడు గూడ ఎవుసం మీదనే మనసు పెట్టుమన్నడు" అని చెప్పంగ నేను విన్న, తప్పే గానీ ఎంత మంచి తప్పు! తెలుగోళ్లు, కన్నడోళ్లు, తమిళోళ్లు ఆ మాటను తీస్కపోయి నాగలికి గట్టిండ్రు. హిందీ, మరాఠీ, బెంగాలీ వాళ్లు దుకాణంల కూసోబెట్టిండ్రు, అంటే వాళ్లకు వ్యవసాయ్ అంటే వ్యాపారం, లేకపోతే వృత్తి. మలయాళంల అయితే వ్యవసాయం అంటే ఇండస్ట్రీ, కేరళల వ్యవసాయ మంత్రి అంటే పరిశ్రమల మంత్రి అన్నట్టు, రైతులు ఆయన దగ్గరికి పోతే పని గాదు, కృషి మంత్రి దగ్గరికి పోవాలె.

మన దగ్గర ఆ మాట ఎంత అరిగిందంటే వ్యవసాయం పోయి ఎవుసం అయ్యింది, ఎవుసం అనేటోడికి అది సంస్కృతం అని సోయి గూడ ఉండదు. ఒక మాట అట్ల అరగాలంటే శానా తరాలు నోట్ల నానాలె. వ్యాపారం అనే మాట మాత్రం అంత అరగలే, ఇప్పటికీ ఇస్త్రీ బట్టల లెక్కనే ఉంటది, మా ఊర్ల ఎవలూ "వ్యాపారం జేస్తున్న" అనరు, పేపర్ల రాస్తరు, ఫారంల రాస్తరు.

అసలు బెంగాలీల బ్యాపార్ అంటే వ్యాపారం గాదు. "కీ బ్యాపార్?" అంటే "ఏంది సంగతి?" అని అడుగుడు. మొదట వింటే వాళ్లు మాటను పాడు జేసిండ్రు అనిపిస్తది గానీ, పాత అర్థానికి వాళ్లే దగ్గరున్నరు. సంస్కృతంల వ్యాపారం అంటే ఏదో ఒక పనిల మునిగి ఉండుడు, వ్యాపృతుడు అంటే పనిల ఉన్నోడు. అమ్ముడు, కొనుడు, లాభం, ఇవేవీ ఆ మాటల మొదట్ల లేవు. ఇగ ఇంగ్లీషు బిజినెస్ దిక్కు సూస్తే అది బిజీ అనే మాట నుంచి పుట్టింది, పాత ఇంగ్లీషుల దానికి అర్థం ఆరాటం, చింత. అంటే వ్యాపారం, బిజినెస్, రెండు వేరు వేరు ఊర్ల పుట్టినా ఒకే ముచ్చట చెప్తున్నయ్: "మనిషికి తీరిక లేదు". హీబ్రూల గూడ అంతే, అసూక్ అంటే పనిల ఉన్నోడు, ఎసెక్ అంటే బిజినెస్, రెండిటికీ ఒకటే మూలం.

లాటిన్‌ది ఇంకా బాగుంటది. ఓటియుం అంటే తీరిక, దాని ముందట కాదు అనే ముక్క పెడితే నెగోటియుం, అదే వ్యాపారం. మన యాసల చెప్పాలంటే లాటిన్ల వ్యాపారం పేరు "పుర్సత్ లేదు". సంత నాడు మామకు ఫోన్ జేసి ఏం జేస్తున్నవ్ అంటే ఆయన చెప్పే జవాబు సరిగ్గ అదే, పుర్సత్ లేదు రా, పెట్టెయ్. ఆ మాటే స్పానిష్‌ల నెగోసియో అయ్యి వ్యాపారంగ నిలవడ్డది, ఇటలీల నెగోత్సియో అయ్యి చిన్నగయి దుకాణం మీద ఆగింది, ఇంగ్లీషుల నెగోషియేట్ అయ్యి బేరమాడుడు అయ్యింది. గ్రీకోళ్లది గూడ ఇదే లెక్క, వాళ్లకు తీరిక పేరు స్కొలే, తీరిక లేకపోవుడు అస్కొలియా, అది పని, వ్యవహారం. మరి ఆ స్కొలే ఏమైంది అంటే, స్కూల్ అయ్యింది! తీరిక ఉన్నోడే సదువుకుంటడు అని వాళ్ల లెక్క. తీరిక లేనోడు దుకాణంల, తీరిక ఉన్నోడు బడిల. మా మామ ఏడో తరగతిల బడి ఇడిచి వాళ్ల నాయిన ఎంబడి బుడ్డల సంచులకు కుట్టు ఏసిండు, గ్రీకు రాకపోయినా ఆ వ్యుత్పత్తి ఆయనకు బాగనే తెలుసు.

ఇప్పుడు ఎంటర్‌ప్రైజ్ సంగతి. ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, ఆంత్రప్రాంద్ర్ అంటే చేతులకు తీసుకునుడు, ఒక పని మీదేసుకునుడు. జర్మన్ వాళ్లు ఉంటర్‌నేమెన్ అన్నరు, దాంట్ల గూడ నేమెన్ అంటే తీసుకునుడే. ఇంగ్లీషోళ్లు సుత సొంతంగ అట్లాంటి మాటే కట్టుకున్నరు, అండర్‌టేకర్ అని. 1776ల ఆడం స్మిత్ తన పుస్తకంల ఫ్యాక్టరీలు పెట్టేటోళ్లను అండర్‌టేకర్లనే రాసిండు. గానీ అదే టైంల శవాల ఊరేగింపు, ఖననం ఏర్పాట్లు మీదేసుకునేటోళ్లను గూడ అండర్‌టేకర్ అనుడు అలవాటయ్యింది, చివరకు ఆ అర్థమే గెలిచింది. ఇగ పెట్టుబడి పెట్టేటోణ్ణి పాడె కట్టేటోడి పేరుతోని పిలిస్తే బాగుండదు గదా, అందుకని ఫ్రెంచోళ్ల ఆంత్రప్రెనార్‌ను తెచ్చుకున్నరు. ఇప్పుడు హైదరాబాద్ పొల్లగాండ్లు నోరు తిరగకపోయినా స్టైల్‌గ పలికే మాట అదే.

ఫ్రెంచోళ్లకు ఆంత్రప్రెనార్ అంటే మొదట్ల స్టార్టప్ హీరో ఏం గాదు. సర్కారు రోడ్లు, కోటలు, వంతెనలు కడతా అని ఒప్పుకున్నోడు. మన భాషల దానికి ఉన్న సక్కటి మాట గుత్తేదారు. పాలమూరు మనిషికి ఇది చెప్పే పని లేదు. చెరువు కట్టలు, కాలువలు, ప్రాజెక్టులు ఏడ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటరు అని పేరు, ఆ లేబర్‌ను ఊరి నుంచి జమ జేసి అడ్వాన్సులిచ్చి తీస్కపోయేటోడు మేస్త్రీ, పైన గుత్త పట్టేటోడు గుత్తేదారు. మేస్త్రీ అనే మాటేమో పోర్చుగీసు వాళ్ల మెస్త్రె, అంటే పనిల గురువు. అట్ల గోవ దిక్కు దిగిన ఓడల మాట ఒకటి మన ఊర్ల వలస బతుకులకు పెద్దమనిషై కూసున్నది.

ఈ "మీదేసుకునుడు" అనేది శానా భాషల్ల ఉంది, ఎవల ఒంటి మీద ఏడ పడితే ఆడ ఏసుకున్నరు అంతే. హంగరీ వాళ్ల వాల్లలత్ అంటే కంపెనీ, దాని లోపట ఉన్న వాల్ అంటే భుజం, భుజాన ఏసుకునుడు అన్నట్టు. థాయిలాండ్‌ల వ్యాపారం పేరు థురకిత్, అది మన దిక్కు నుంచి పోయిన మాటే, ధుర అంటే కాడి, బరువు, రెండో ముక్క కృత్యం. ధురంధరుడు అని మనం మీటింగుల పొగుడుతం సూడు, కాడి మోసేటోడు అనే దాని అర్థం. మనమేమో నెత్తికెత్తుకున్నడు అంటం. "ఎందుకు రా ఈ గానుగ నెత్తికెత్తుకున్నవ్" అని మా అమ్మమ్మ మామను రోజూ అంటనే ఉంటది, హంగరీ భుజం కంటె మన నెత్తి ఒక జానెడు పైన.

ఫిన్లాండ్ వాళ్లది ఇంత బరువు లేని మాట. యురిత్యుస్ అంటే కంపెనీ, దాని అసలు అర్థం ప్రయత్నం, కంపెనీ పెట్టేటోడు అంటే ప్రయత్నం జేసేటోడు, అయితే అయితది లేకపోతే లేదు. నాకైతే అన్నిట్ల నిజాయితీ ఉన్న మాట ఇదే అనిపిస్తది. ఇండోనేసియాల ఉసహ అంటరు, అది సంస్కృత ఉత్సాహమే, పెంగుసహ అంటే వ్యాపారవేత్త. ఇది తెలిసినంక తెలుగు పేపర్లల్ల "ఔత్సాహిక పారిశ్రామికవేత్త" అని సదివినప్పుడు ఊకెనే నవ్వలేకపోతున్న, సముద్రం అవుతల వాళ్లు ఒక్క ముక్కల చెప్పింది మనం రెండు గజాల మాటల చెప్తున్నం గానీ దారి ఒకటే. జపాన్ వాళ్లు కిగ్యో అంటరు, చైనీయుల అక్షరాలల్ల దాని మొదటి అక్షరం పైన మనిషి, కింద పాదం, మునివేళ్ల మీద నిలవడి దూరం సూస్తున్నోడు అని పాత అర్థం. రెండోది పని. పశువుల అంగడిల మంద అవుతల నిలవడి మంచి కోడె ఏడుందా అని మెడ సాపి సూసే బేరగాడు కండ్ల ముందట కనవడ్తడు నాకు.

ఆంత్రప్రెనార్ అనే మాటకు అర్థశాస్త్రంల మొదటిసారి గట్టి అర్థం ఇచ్చిన మనిషి రిషార్ కాంతియోఁ, ఐర్లండ్‌ల పుట్టి పారిస్‌ల బ్యాంకు నడిపినోడు, ఆయన చచ్చిపోయినంక 1755ల పుస్తకం అచ్చయ్యింది. ఆయన చెప్పింది ఏందంటే, తెలిసిన ధరకు కొని, ఎంతొస్తదో తెల్వని ధరకు అమ్మేటోడు ఆంత్రప్రెనార్. నెల జీతం ఖరారైనోడు ఒక దిక్కు, ఖరారు లేనోడు ఇంకో దిక్కు, మనుషులను గట్ల రెండు చేసిండు. ఖరారు లేనోళ్లల్ల చెప్పులు కుట్టేటోళ్లు, నీళ్లు మోసేటోళ్లు, ఆఖరికి అడుక్కునేటోళ్లు, దొంగలు గూడ ఉన్నరు ఆయన లెక్కల!

ఇది సదివినప్పుడు నాకు బాదేపల్లి మార్కెట్ యార్డు యాదికొచ్చింది. సిన్నప్పుడు సెలవులల్ల మామ ఎంబడి పోతుంటి. చేను కాడనే రైతుతోని రేటు మాట్లాడుకునేటోడు. రాశి కాడ కూసుండి నడిమిట్ల నుంచి పిడికెడు కాయలు తీసి, ఒక్కొక్కటి బొటనవేలుతోని ఒత్తి పలగ్గొట్టి, పప్పు అరచేతుల పోసుకుని ఊది, పొట్టు ఎంత ఎగిరింది, నల్ల గింజలెన్ని, నంజు గింజలెన్ని సూసి, ఒక గింజ నోట్లేసుకుని కొరికేటోడు. పటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగ వంగితే తేమ ఉన్నట్టు. ఆ తర్వాత రైతు మొకం సూడకుంట దిక్కులు సూసుకుంట ఒక ధర చెప్పేటోడు. రైతు ఇంకోటి చెప్పేటోడు. నడుమ ఎవలో ఒకలు "ఇద్దరూ కలువుండ్రి" అనేటోళ్లు, ధర తెగేది. అది తెలిసిన ధర. ట్రాక్టర్ ఏసుకుని యార్డుకు పోయేసరికి వాన మబ్బు పట్టిందా, సరుకు ఎక్కువొచ్చిందా, మిల్లోళ్లు కొనుడు ఆపిండ్రా, అది తెల్వని ధర. ఒక ఏడు మామ మూడు ట్రాక్టర్ల సరుకు తెచ్చి యార్డు గేటు కాడ దిగంగనే రేటు పడ్డదని తెలిసి, ఆడనే హోటల్ల చాయ్ తాగుకుంట గంట సేపు ఏం మాట్లాడకుంట కూసున్నడు. కాంతియోఁ ఆయనను సూస్తే పుస్తకంల రాసుకునేటోడు. గానీ మా ఊర్ల ఆయనను ఎవలూ ఆంత్రప్రెనార్ అనలే, వ్యాపారి అని గూడ అనలే. బుడ్డల బేరగాడు అన్నరు.

అసలు చిక్కు ఇక్కడనే ఉంది నా లెక్కల. మాట ఏడ పుట్టింది అన్నదానికంటె ఎవలకు తగిలిస్తున్నరు అన్నది పెద్ద సంగతి. తోపుడు బండి మీద మామిడికాయలు అమ్మితే అది బేరం, "ఇయ్యాల బేరం ఎట్లున్నది అక్కా" అంటం. షట్టర్ ఉంటే దుకాణం. రెండు షట్టర్లు, ఒక మునీమ్ ఉంటే వ్యాపారం. ఏసీ ఉంటే బిజినెస్. నల్లగొండల ఏ బజారుకన్న పోయి బోర్డులు సూడుండ్రి, సిమెంటు, ఇనుము అమ్మేటోడు ట్రేడర్స్, పైపులు మోటార్లు అమ్మేటోడు ఏజెన్సీస్, ఏం అమ్ముతడో ఇంకా తేల్చుకోనోడు ఎంటర్‌ప్రైజెస్. కొరియా వాళ్లు గూడ ఈ మెట్లు కట్టిండ్రు, జాంగ్‌సా అంటే సిన్నగ అమ్ముకునుడు, సఓప్ అంటే పెద్దమనిషి జేసే బిజినెస్, బండి మీద అమ్మేటోడు సఓప్ జేస్తున్న అంటే నవ్వుతరు.

దందా అనే మాటకు మాత్రం మస్తు అన్యాయం అయ్యింది. గుజరాతీల ధంధో గౌరవమైన మాట, నాయిన కొడుకుకు నేర్పేది ధంధో. మన దిక్కు గూడ ముసలోళ్లు "మీ పొల్లగాడు ఏం దందా జేస్తుండు" అంటే కుశలం అడిగినట్టే, కిరాణం దందా, బర్ల దందా, బత్తాయి దందా. పేపర్లు, టీవీలు ఏం జేసినయంటే ఆ మాటను పట్టుకుని ఇసుక దందా, భూముల దందా, సెటిల్‌మెంట్ల దందా అని రోజూ రాసి రాసి, దాని మొకానికి మసి పూసినయ్. ఇప్పుడు కోస్తా నుంచి వచ్చిన దోస్తు ఎవడన్న ఉంటే వాని ముందట "మా మామ దందా జేస్తడు" అంటే ఒక్క చూపు అదోలా సూస్తడు. ఒక ప్రాంతంల అన్నం పెట్టే మాట ఇంకో ప్రాంతం పేపర్ల నేరం అయితది, ఎవల యాసల పేపర్లు అచ్చయితే వాళ్ల అర్థమే చెల్లుతది.

రష్యాల అయితే సోవియట్ల కాలంల మాట మీదనే గాదు పని మీదనే కేసు ఉండె. అక్కడ 1960ల వచ్చిన క్రిమినల్ కోడ్‌ల 154 సెక్షన్ కింద తక్కువకు కొని ఎక్కువకు అమ్ముడు నేరం, దాని పేరు స్పెకుల్యాత్సియా. అంటే మా మామ ఆడ పుట్టుంటే బుడ్డలకు జైలుకు పోయేటోడు. 1988ల సహకార సంఘాల చట్టం వచ్చినంక సొంత దందాలకు దారి తెరుసుకున్నది, బిజ్నెస్ అని ఇంగ్లీషు మాటే తెచ్చుకున్నరు, ఎందుకంటే సొంత మాటలన్నిటికీ ఎన్కటి మరక ఉంది. చైనా వాళ్లు అదే టైంల ఒక మంచి మాట పుట్టించిండ్రు, సర్కారు నౌకరి ఇడిచిపెట్టి వ్యాపారంలకు పోవుడును షియాహై అన్నరు, సముద్రంలకు దిగుడు. 1992ల వాళ్ల పెద్ద లీడర్ డెంగ్ షియావోపింగ్ దక్షిణ చైనా చుట్టొచ్చినంక శానామంది దిగిండ్రు ఆ సముద్రంల. మనం గూడ దందాలకు దిగిండు అంటం గానీ మన దగ్గర సముద్రం లేదు, మహా అయితే కృష్ణల దిగాలె.

నిజాం కాలం ముచ్చట లేకుంట ఇది అయిపోదు. మన వ్యాపారపు మాటలల్ల సగం ఉర్దూ బాట పట్టుకుని వచ్చినయే: దుకాణం, బజారు, దలాలు, గుమస్తా, నగదు, సౌదా. ఈ సౌదానే ఇంకా తూర్పుకు పోయి ఇండోనేసియాల సౌదగర్ అని వర్తకునికి పేరయ్యింది. ఇంకోటి చెప్తా, కారోబార్. ఉర్దూల అది బిజినెస్‌కు అసలైన మాట. మన తెలంగాణ ఊర్లల్ల కారోబార్ అంటే ఒక మనిషి! గ్రామపంచాయతీల ఇంటి పన్ను రశీదులు కొట్టేటోడు, నల్లా బిల్లు అడిగేటోడు. "కారోబార్ వచ్చిండు, ఇంట్ల లేనని చెప్పు" అని అనని ఇల్లు ఉంటదా. లక్నో మనిషి వింటే, బిజినెస్ ఇంటికి వస్తే తలుపు ఏసుకునుడేంది అనుకుంటడు. అరబ్బీల బిజినెస్‌కు ఆమాల్ అని గూడ అంటరు, అమల్ అంటే పని, ఆమాల్ దాని బహువచనం. ఆ అమల్ మన దగ్గర అమలు అయ్యింది, పథకాలు అమలు జేసుడు. అరబ్బీల వర్తకునికి తాజిర్ అని ఇంకో మాట, దాని వేరు తవ్వుకుంట పోతే బాబిలోన్ మట్టి పలకల మీద తంకారుం దాకా తేలుతది, మూడు వేల ఏడు వందల ఏండ్ల కింద హమ్మురాబి శాసనంల ఉన్న మనిషి వాడు. సరుకు అమ్ముతడు, అప్పులు గూడ ఇస్తడు. సావుకారి అన్నట్టు.

మన మాటలు అవుతలికి పోయినయ్ గూడ. పాలమూరు పిల్లలమర్రి అందరికీ ఎర్కే, ఏడు వందల ఏండ్ల చెట్టు అంటరు, 2018ల చెదలు పడితే దవాఖానల మనిషికి పెట్టినట్టు సెలైన్ సీసాలల్ల మందు పెట్టి బతికించిండ్రు. ఇంగ్లీషుల మర్రికి బానియన్ అనే పేరు మర్రిని సూసి పెట్టింది గాదు, దాని కింద కూసున్నోళ్లను సూసి పెట్టింది. గుజరాతీ వాణియో అంటే వర్తకుడు, మన వాణిజ్యంల ఉన్న వణిజ్ ముక్కనే. పారశీక సముద్రం ఒడ్డున మర్రి చెట్టు కింద మన వర్తకులు గుడి కట్టుకుని కూసుంటే యూరోపోళ్లు అది బానియన్ల చెట్టు అన్నరు, వర్తకులు పోయినా పేరు చెట్టుకు అంటుకుని ఉన్నది. కంపెనీ అనే మాట గూడ కూసునుడు ముచ్చటనే, లాటిన్ల కలిసి రొట్టె తినేటోళ్లు అని, మనం ఒక్క కంచంల తినేటోళ్లు అన్నట్టు. కాకతీయుల కాలం తెలుగు శాసనాలల్ల వర్తకుల సంఘానికి పెక్కండ్రు అని ఉంది, శానామంది అని అర్థం, ఎంత సాదాగ ఉందో సూడుండ్రి. అసొంటి మాటను ఇడిచిపెట్టి ఇప్పుడు మనం సంస్థ అనుకుంట తిరుగుతున్నం. మా దిక్కు కంపెనీ అంటే మాత్రం ఫ్యాక్టరీ ఒక్కటే. "కొత్తూరు దిక్కు కంపెనీల పనికి పోతున్నడు" అంటే ఆఫీసర్ అనుకునేరు, షిఫ్టుల నిలవడే లేబరే.

సరే, మామ ఉద్యమ్ సంగతికి వస్తా. ఆధార్, పాన్ పెట్టుకుని నేనే ఆన్‌లైన్ల జేసిన, దానికి ఫీజు ఏం లేదు, ఫీజు అని అడిగే వెబ్‌సైట్లు ఉంటయ్ జర పైలం. ఏం పని అన్న కాడ నూనె తయారీ అని పెట్టిన, రకం కాడ మైక్రో అని వచ్చింది. ఎంటర్‌ప్రైజ్ పేరు ఏం పెట్టాలె అంటే మామ శానా సేపు ఆలోచించి అత్త పేరు మీద పెట్టమన్నడు, గింజ జల్లెడ పట్టుడు కాడ నుంచి ఉద్దెర లెక్కల దాకా సూసేది ఆమెనే గదా. ఆంత్రప్రెనార్ పేరు మాత్రం ఆయనదే, ఆధార్ ఆయనదే కాబట్టి. సర్టిఫికెట్ ప్రింట్ తీసి ఇస్తే అద్దం కట్టిచ్చి గానుగ గోడకు తగిలించిండు, తెలంగాణ తల్లి పటం పక్కన.

పది దినాలకు బ్యాంకు నుంచి ఫోన్ వచ్చిందట. మామ బుడ్డల కోసం చేన్లకు పోయిండు, ఫోన్ ఇంట్లనే ఇడిచిపెట్టిండు, అత్త ఎత్తింది. "అమ్మా, మీ ఇంటాయన ఏం బిజినెస్ జేస్తరు?" అని అడిగిండట ఆ సారు.

"బిజినెస్ ఏం లేదు సార్" అన్నదట అత్త. "నూనె పడ్తున్నం."